అత్తకు ఎన్ని మార్కులు

మా అత్త నాతో నేరుగా మాట్లాడేది కాదు. పెళ్ళయిన రోజు నుంచీ అంతే. ఇందులో కోపమేమీ లేదు. గిద్దలూరు పక్క పల్లెల్లో ఆమె వయసువాళ్ళు, పాతకాలం ఇళ్ళలో, అల్లుడికి ఎదురుపడరు. అల్లుడు పంచలో మంచం మీద కూర్చుంటే అత్త తలుపు వెనక నిలబడుతుంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మధ్యలో మనిషికి చెబుతుంది. మాది మేనరికమై ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన మేనత్తే అత్త అయ్యేది. మాది బయటి సంబంధం. అందుకని ఇన్నేళ్ళలో ఆమె ముఖాన్ని నేను తీరిగ్గా చూసింది పెళ్ళి ఫోటోల్లోనే.

మధ్యలో మనిషి నా భార్య. ఆ పని ఆమె తనకు నచ్చినట్టు చేసేది.

లోపలి నుంచి అత్త, "రొట్టె గట్టిగా ఉందేమో అడుగు" అనేది.

నా భార్య నా వైపు చూడకుండానే, "మెత్తగా ఉందంట" అనేది.

"ఇంకోటి తింటాడేమో."

"చాలంట."

నేనింకా మొదటి ముక్క నములుతూ ఉండేవాణ్ణి.

పోయిన ఎండాకాలం నా భార్య చనిపోయింది. జబ్బు చేసింది, ఒంగోలు తీసుకెళ్ళాం, తిరిగి తీసుకొచ్చాం. అంతకంటే రాయడం నాకు ఇష్టం లేదు. మాకు పిల్లల్లేరు. మార్కాపురంలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన నాకు ఇంట్లో మిగిలినవి పుస్తకాలు. మనిషి పోయిన ఇంట్లో పుస్తకాలు మంచి తోడని చాలామంది చెప్పారు. వాళ్ళెవరూ పెద్దగా చదివేవాళ్ళు కారు.

ఆమె బతికి ఉన్నప్పుడు వీలున్న ప్రతి ఆదివారం పొద్దున్నే కంభం మీదుగా పోయే బస్సెక్కి, గిద్దలూరులో దిగి, ఆటోలో తల్లి దగ్గరికి వెళ్ళేది. కర్మ అయిన తర్వాత మొదటి ఆదివారం నేనే ఆ బస్సెక్కాను. ఆమె చీరలు తల్లికి ఇచ్చి రావాలనే మిష ఒకటి ఉంది. రెండో ఆదివారం మిషేమీ లేదు. మూడో ఆదివారానికి కండక్టరు టికెట్టు అడక్కుండానే కొట్టి ఇచ్చాడు.

అత్త, కొడుకు ఇంటి పక్కనే వేరు పొయ్యి పెట్టుకుని ఉంటుంది. కోడలితో గొడవలేం లేవు. కోడలి వంటలో ఉప్పు ఎక్కువని ఒకరోజు అని, ఆ మాట మీద నిలబడింది, అంతే. నేను వెళితే పంచలో మంచం వాల్చేది కోడలు. నాకు చెల్లెలి వరస. అన్నం పెట్టేది మాత్రం అత్తే. గడప అవతల పళ్ళెం పెట్టి పక్కకు తప్పుకునేది. చేరవేసేవాళ్ళు లేకపోతే మాటలు ఎలా? మొదట్లో కొన్ని వారాలు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆమె ఒక దారి కనిపెట్టింది. పంచ ముందు కట్టేసిన బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమే, ఆయన మొకం పీక్కపోయింది. వండుకుంటున్నాడో లేదో."

"వండుకుంటున్నాను" అని నేనూ బర్రెకే చెప్పేవాణ్ణి.

"వండుకుంటే ఇట్ల ఎందుకుంటాడే?"

బర్రె నా భార్యలాగా మాటలు మార్చేది కాదు. ఆ రకంగా చూస్తే నయమే. కానీ కొన్ని సంగతులు బర్రె ముందు అడగలేం కదా.

వెళ్ళినప్పుడల్లా కాకరకాయ కూర ఉండేది. నాకు కాకరకాయ అంటే పడదు. కానీ పెళ్ళయిన కొత్తలోనే నా భార్య, "ఆయనకు కాకరకాయ అంటే ప్రాణం" అని తల్లికి చెప్పింది. ఎందుకంటే కాకరకాయ అంటే ఆమెకు ప్రాణం. కూతురి కోసమైతే తల్లి అంత దూరం సంతకు పోయి తేదు, అల్లుడి కోసమైతే తెస్తుంది. పుట్టింటి నుంచి బయల్దేరేముందు మిగిలింది డబ్బాలో సర్దుకుని, బస్సులో సగం, ఇంట్లో సగం తనే తినేది. ఇప్పుడు ఆ కూర నిజంగానే నేను తింటున్నాను. చేదుగానే ఉంటుంది. వద్దని చెప్పాలంటే ఆమె ఇన్నేళ్ళు ఆడిన అబద్ధం బయటపెట్టాలి. అది నా వల్ల కాదు.

చలికాలం దాటేసరికి సంవత్సరీకం దగ్గర పడుతోందన్న ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం మా బావమరిది నన్ను ఆటో దాకా సాగనంపుతూ, "ఏడాది దాటితే మీకీ తిరుగుడు తప్పుతాది బావా. పాపం, ఆ బస్సులో ఎంత అవస్థ" అన్నాడు.

మంచివాడు. నా నడుము గురించి నిజంగానే బాధపడ్డాడు. కానీ ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. కూతురు లేని ఇంట్లో అల్లుడికి ఏం పని అనే లెక్క ఒకటి ఉంటుంది. ఏడాది వరకు దుఃఖం పేరు చెప్పి రావచ్చు. తర్వాత వస్తే, ఒంటరి మొగాడు అన్నం కోసం వస్తున్నాడంటారు. ఆ ఆదివారాలు ఉంటాయా, పోతాయా? నాకు తెలియాల్సింది అదొక్కటే. తేల్చగలిగిన మనిషి మా అత్త. ఆమెను అడిగే వీలు నాకు లేదు, చెప్పే వీలు ఆమెకు లేదు.

ఆ రోజుల్లోనే ఒంటరితనం ప్రశ్నలు నా దగ్గరికొచ్చాయి. ఒక కాలేజీవాళ్ళు పల్లెల్లో ముసలివాళ్ళ ఒంటరితనాన్ని కొలుస్తున్నారట. ప్రశ్నల తెలుగు సరిచూసి పెట్టమని నాతో పనిచేసిన లెక్చరరు ఒకాయన పంపాడు. మొదటి ప్రశ్న ఇలా ఉంది: "మీరు ఇతరుల నుండి వేరుచేయబడినట్లుగా భావించబడుచున్నదా?" కోర్టు నోటీసు అందుకున్నట్టయింది నాకు. అన్నీ కొట్టేసి, మనుషులు మనుషుల్ని అడిగేలా మళ్ళీ రాశాను. మీ మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి ఉన్నారా? మీ కోసమని ఎవరైనా వస్తున్నారా? రోజు గడవడం కష్టంగా ఉంటుందా? ప్రతిదానికీ మూడే జవాబులు: ఎప్పుడూ, అప్పుడప్పుడు, అసలు లేదు. ఒక్కో జవాబుకు కొన్ని మార్కులు. మార్కులు ఎక్కువొస్తే ఒంటరితనం ఎక్కువ. మార్కులు ఎక్కువైతే నష్టం ఉన్న పరీక్ష నేను చూడటం అదే మొదటిసారి.

రాసినవి ఎలా ఉన్నాయో చూద్దామని, మా వీధి టీ కొట్టు దగ్గర పలకల కార్ఖానాలో చేసి మానేసిన పెద్దాయన్ని అడిగాను.

"ఒంటరితనమా?" అన్నాడు ఆయన. "మా ఇంట్లో బాత్రూముకు కూడా వరస సామీ. ఆ ఒంటరితనమేదో యాడ దొరుకుతాదో చెప్పు, నేనూ పోతా."

నేను కూడా జవాబులు రాసుకున్నాను. నాకు సున్నా వచ్చింది. ప్రశ్నలు రాసినవాడు రాసిన పరీక్ష కాబట్టి అది లెక్కలోకి రాదు.

సర్వే చేయడానికి వచ్చిన అమ్మాయి నర్సింగు చదువుతోంది. సముద్రం వైపు ఊరు. మాట చురుగ్గా, మెత్తగా ఉంటుంది. తెలిసినవాళ్ళు వెంట లేకపోతే పల్లెల్లో ఎవరూ కూర్చోమనడం లేదని చెప్పింది. "మీకు బాగా తెలిసిన ఊరు ఏదైనా ఉందా సార్?" అంది. ఉందన్నాను. ఆ ఆదివారం ఇద్దరం కలిసి బస్సెక్కాం. కండక్టరు ఆ అమ్మాయికి కూడా అడక్కుండానే గిద్దలూరు టికెట్టు కొట్టాడు.

ఊళ్ళో మొదటి ఇల్లు మా బావమరిది వీధిలోనే ఉండే ఒక అవ్వది. అవ్వ అరుగు మీద కూర్చుంది. అమ్మాయి ఫోను తీసి ప్రశ్న చదివేలోపు చుట్టూ జనం చేరారు.

"అవ్వా, మీకు ఎవరూ లేనట్టు ఎప్పుడైనా అనిపిస్తుందా?"

అవ్వ నోరు తెరవకముందే కోడలు అందుకుంది. "ఎందుకనిపిస్తాది? మేమంతా చచ్చినామా?"

"అది అవ్వ చెప్పాలండి."

"చెప్పు అత్తా, చెప్పు. మేం లేమా?"

"ఉండారు" అంది అవ్వ.

"రాసుకో పాపా" అన్నాడు పక్కింటాయన. "బెమ్మాండంగా ఉండాది. మొన్న నా బీడీ కట్ట కూడా ఎత్తుకపోయింది."

"నువ్వు ఇస్తేనే గదరా తీసుకొనింది" అంది అవ్వ. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు.

"రాత్రిళ్ళు దిగులుగా ఉంటుందా అవ్వా?"

"దిగులు మాకు" అన్నాడు మనవడు. "దాని గురకకు ఇంట్లో ఎవడన్నా నిద్రపోతే గదా."

అమ్మాయి మర్యాదగా ఫోను దించి, అడిగేటప్పుడు అవ్వ ఒక్కతే ఉండాలని, అది తమ రూలని చెప్పింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి కోడలే అడిగింది.

"ఒంటరితనం ఉందా లేదా అని అడిగేదానికి ముసల్దాన్ని ఒంటరిగా కూసోబెడతావా? ఇదేం చదువమ్మా?"

అమ్మాయి ఫోను సంచిలో వేసుకుంది. మనిషిని ఒంటరిగా వదలడం తప్పని నమ్మే ఊళ్ళో, ఒంటరితనం గురించి ఒంటరిగా అడగడం ఎలాగో ఆ రూలు రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేరు. అలాగని రూలు తప్పనీ అనలేను. చుట్టూ ఇంతమంది ఉండగా ఏ అవ్వ మాత్రం నాకెవరూ లేరని అంటుంది? అంటే కోడలి పరువేం కాను?

చర్చి వీధిలో భార్య పోయిన ఒక తాత తగిలాడు. అక్కడ మరీ అంత జనం లేరు, పదిమంది లోపే.

"మీకు తోడెవరున్నారు తాతా?"

"ప్రభువుండాడు."

"మనుషుల్లో?"

"మనుషులతోనే గదా తిప్పలు."

మధ్యాహ్నానికి తొమ్మిదో పదో ఇళ్ళు తిరిగాం. అందరికీ సున్నాలే. "ఇంత సంతోషంగా ఉన్న ఊరు నేనెక్కడా చూళ్ళేదు సార్" అంది అమ్మాయి దిగాలుగా. "మా మేడం నమ్మరు."

భోజనానికి అత్త ఇంటికి వెళ్ళాం. పంచలో నాకు మంచం, అమ్మాయికి పీట. గడప అవతల నుంచి రెండు పళ్ళేలు వచ్చాయి. కాకరకాయ కూర చూసి అమ్మాయి ముఖం వెలిగింది. నా పళ్ళెంలోది కూడా ఆమెకే వేశాను. ఒక్కసారైనా ఆ కూరకు న్యాయం జరిగింది.

"అవ్వా, లోపలే నిలబడ్డారేంటి? రండి, కూర్చోండి" అని పిలిచింది అమ్మాయి.

తలుపు ఇంకొంచెం దగ్గరికి పడింది. మా ఇళ్ళలో పద్ధతి ఇదని నేను మెల్లగా చెప్పాను.

"అంటే ఇన్నేళ్ళలో మీరిద్దరూ మాట్లాడుకోలేదా?"

"చాలా మాట్లాడుకున్నాం. నేరుగా కాదు."

ఆ అమ్మాయి కాసేపు నోట్లో ముద్ద పెట్టుకోవడం మర్చిపోయింది. తర్వాత చేయి కడుక్కుని, లోపలికి పోయి అత్తనే అడుగుతానంది. అత్త సరేనంది. అప్పుడు గమనించాను, చుట్టూ ఎవరూ చేరలేదు. అల్లుడు పంచలో కూర్చుని ఉంటే ఆడవాళ్ళు ఆ ఇంట్లోకి జొరబడరు. ఊరు మొత్తం మీద రూలు ప్రకారం అడగడానికి దొరికిన ఇల్లు అదొక్కటే. అడ్డం నేనొక్కణ్ణే. లేచి చెప్పులేసుకున్నాను.

"ఆయన్ని కూసోమను పాపా" అంది అత్త లోపలి నుంచి. "యాడికీ పోవద్దను."

కూర్చున్నాను.

"మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి ఉన్నారా అవ్వా?"

"ఉండేది. పోయింది."

అమ్మాయి "ఇప్పుడో?" అంది.

"ఇప్పుడూ ఒకాయన ఉండాడు. మాట్లాడేదానికి లేదు."

"ఈ ఊరేనా?"

"ఆదివారం ఈ ఊరే."

తలుపు సందులోంచి అమ్మాయి నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను.

"దీనికి ఏం పెట్టమంటారు అవ్వా? ఉన్నట్టా, లేనట్టా?"

"నాకేం తెలుసు? చదువుకొనేది నువ్వు."

"సరే, తర్వాతది. మీ కోసమని ఎవరైనా వస్తున్నారా?"

"వస్తున్నాడు. ఏడాది దాటితే రాడంట. మా వోడు చెప్పినాడు."

"ఆయనే అన్నారా, రానని?"

"ఏమో. నేనెట్ల అడిగేది?"

నాకు అప్పుడు అర్థమైంది. మా బావమరిది నాకు చెప్పినట్టే తల్లికీ చెప్పాడు. నాకేమో అత్తకు నా రాక బరువైందేమోనని. ఆమెకేమో అల్లుడికి విసుగొచ్చిందేమోనని. ఇద్దరమూ బర్రె ముందు వంటల గురించి మాట్లాడుతూ కూర్చున్నాం.

మిగతా ప్రశ్నలు గబగబా అయిపోయాయి. అమ్మాయి బయటికొచ్చి గడప మీదే కూర్చుంది, సరిగ్గా మా ఇద్దరి మధ్య. "సార్, మీకూ అరవై దాటాయి కదా. మీది కూడా చేసేస్తాను."

"ప్రశ్నలు రాసింది నేనేనమ్మా."

"అయితే ఏమైంది? రాసినవాళ్ళు జవాబు చెప్పకూడదని ఎక్కడుంది?" అని, మొదటి రెండూ వదిలేసి మూడోది అడిగింది. "రోజు గడవడం కష్టంగా ఉంటుందా?"

"అప్పుడప్పుడు."

"ఎప్పుడు?"

అలా అడగమని నేను రాయలేదు. అయినా చెప్పాను. "సోమవారం బాగానే ఉంటుంది. మంగళవారం కూడా ఫరవాలేదు. తర్వాత రోజులు కొంచెం పొడుగు. శనివారం మళ్ళీ సర్దుకుంటుంది."

"ఆదివారం?"

"ఆదివారం బస్సుంది కదా."

లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఏడాది దాటాక రానన్నది మీరేనా సార్?" ఈ ప్రశ్న ప్రపంచంలో ఏ కాలేజీ ప్రశ్నల్లోనూ ఉండదు.

"నేను అనలేదు. రమ్మంటే వస్తాను."

"రమ్మని పిలిచేదానికి ఇదేమన్నా పెండ్లా?" అంది అత్త. గొంతు బాగా దగ్గర్నుంచే వినిపించింది. "రాసుకో పాపా. సంవత్సరీకం పోయినోళ్ళకు పెట్టేది. ఉన్నోళ్ళకు ఆదివారం ఆదివారమే."

"దానికి ఇందులో గడి లేదవ్వా."

"లేకుంటే గీసుకో."

వారం తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. మా అత్తవీ నావీ జవాబులు చెల్లవని వాళ్ళ మేడం కొట్టేసిందట. అడిగేటప్పుడు మూడో మనిషి వింటున్నాడు కాబట్టి. చెప్పలేక చెప్పింది. మేడం చేసింది సరైన పనేనన్నాను. ఒంటరితనాన్ని కొలవాలంటే పద్ధతి ఉండాలి. బరువు తూచేటప్పుడు పక్కవాడు కాలు పెట్టకూడదు కదా. "మరి ఊరి సున్నాలు?" అని అడిగాను. అవి కూడా కొట్టేసి, ఈసారి ఒక్కొక్కరినీ ఆసుపత్రికి బీపీ చూసే వంకతో పిలిచి అడుగుతున్నారట. "పిలిస్తే పదిమంది వెంట వస్తారు చూసుకో" అన్నాను. "వచ్చారు సార్. ఆటో నిండా వచ్చారు" అంది.

సంవత్సరీకం మార్కాపురంలో మా ఇంట్లో జరిగింది. బావమరిది, ఆయన భార్య వచ్చారు. అత్త మోకాళ్ళ నొప్పులని రాలేదు. భోజనాలయ్యాక బావమరిది నన్ను పీట మీద కూర్చోబెట్టి కొత్త పంచె పెట్టి, నలుగురిలో, "ఏడాది పొడుగునా మా అమ్మను కనిపెట్టుకొని ఉన్నారు బావా. ఇంక మీరు శ్రమపడొద్దు" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళు తలలూపారు. ఆ మాటకు అక్కడ ఎదురు చెప్పడం ఎలా? మీ అమ్మ గడప అవతల నుంచి వేరే చెప్పిందని, అదీ ఒక సర్వే అమ్మాయి ఫోనుకు చెప్పిందని, ఆ జవాబు చెల్లలేదని చెప్పాలా? పంచె మడిచి పక్కన పెట్టుకున్నాను.

ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక ఇల్లు ఊడ్చాను. మా అత్త అన్న మాట నాకు గుర్తుంది. కానీ ఆ ఇంటి పెద్ద ఇప్పుడు ఆమె కొడుకు. నలుగురిలో ఆయన ఒక మాట అన్నాక, తల్లి ఆ మాట దాటి ఏం చేయగలదు? వాళ్ళ గొడవలో నేను కారణం కావడం నాకిష్టం లేదు.

అయినా ఆదివారం పొద్దున బస్టాండులో ఉన్నాను. కండక్టరు టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆయనకు సంవత్సరీకం సంగతి తెలియదు.

బావమరిది వాకిట్లో ట్రాక్టరుకు గాలి పడుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. సంతోషంగానే ఆశ్చర్యపోయాడు. "ఏం బావా, ఏమన్నా పనుండి వచ్చినారా?"

నిజంగానే నా దగ్గర పనేమీ లేదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"పనుంది" అంది అత్త.

తలుపు వెనక నుంచి కాదు. తలుపు దాటి పంచలోకి వచ్చింది. కొంగు నుదుటి దాకా లాక్కుని, రెండు చేతులతో జొన్నల డబ్బా మోసుకొచ్చి నా ముందు నేల మీద పెట్టింది. "పిండి మరకు పోవాల."

ఈ పల్లెల్లో అల్లుడికి పని చెప్పరు. చెంబు కూడా ఎత్తనివ్వరు. మా బావమరిది గాలి గొట్టం వదిలేసి వచ్చాడు.

"అమ్మా, నీకేమన్నా మతి పోయిందా? బావతో పిండి మరకు మోయిస్తావా? ఊరు నవ్వతాది. నేను తీసకపోతాలే."

"నీకు ట్రాక్టరుంది గదా, చూసుకో."

"మధ్యాహ్నం పోతానంటినే!"

"నిన్నటి నుంచి అంటానే ఉండావు."

కోడలు వాళ్ళింటి గుమ్మంలోంచి చూస్తూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను డబ్బా భుజానికెత్తుకున్నాను. బరువే. ఆ డబ్బాతో ఊరి వీధిలో నడుస్తుంటే పెళ్ళికొడుకుగా వచ్చినప్పుడు కూడా చూడనంతమంది నన్ను చూశారు.

"ఏందన్నా, అల్లుణ్ణి పనికి పెట్టినారా?" అని ఎవరో మా బావమరిదిని కేకేసి అడిగారు. ఆయనేం చెప్పాడో వినపడలేదు.

"ఓయ్ పెద్దాయనా, మొన్న ఒంటరితనం అడిగినోడివి నువ్వే గదా?" అంది అరుగు మీది అవ్వ. "నిదానంగా పో. జొన్నలు ఒలకబోస్తావు."

మర దగ్గర వరస ఉంది. నేనెప్పుడూ పిండి పట్టించింది లేదు. మార్కాపురంలో అది నా భార్య పని, తర్వాత దుకాణం ప్యాకెట్ల పని. నా ముందు ఒకావిడ ఎండుమిరపకాయలు పట్టించుకుని వెళ్ళింది. మర అతను "పోయమంటావా?" అన్నాడు. "పోసెయ్" అన్నాను. మర చప్పుడులో పక్కావిడ ఏదో చెప్పబోయింది. నాకు వినిపించలేదు. పిండి వెచ్చగా డబ్బాలోకి దిగింది. మూత పెట్టి ఎత్తుకున్నాను. దారిపొడుగునా తుమ్ముతూ వచ్చాను. పిండి దుమ్మేమో అనుకున్నాను.

అత్త పంచలోనే కూర్చుని ఉంది. మూత తీసి, చిటికెడు పిండి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. అంతే, తనకూ తుమ్ము వచ్చింది.

"కారం పట్టినాక పోయించినావా?"

"ముందు ఎవరో పట్టించుకున్నారు..."

"చూసుకోవాల గదా! కారం పట్టినాక ఎవురన్నా వాళ్ళ సజ్జలో రాగులో పోసిందాకా ఆగాల. ఇంత వయసొచ్చింది, పిండి పట్టించేది తెలీదా? దానికి నేర్పినా గదా ఇవన్నీ. అది నీకేం చెప్పలేదా?"

"చెప్పలేదు" అన్నాను.

"దానిదంతా అట్లే" అంది అత్త. డబ్బా మూత బిగించింది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ రోజు రొట్టెలు కారంగా ఉన్నాయి. బావమరిది రెండు చెంబుల నీళ్ళు తాగి, మూడో రొట్టె తిన్నాడు. సాయంత్రం ఆటో దగ్గర ఎక్కించేటప్పుడు, "శనివారమే డబ్బా నింపి పెడతాదంట బావా. మొదటి వాయిలో పట్టించాలంటే పెందలాడే రావాలంట" అన్నాడు.

"ఆరింటి బస్సుకు వస్తాను" అన్నాను.